అక్కా, ఈ బిళ్ళలో ఏముంది?

చెల్లెళ్లూ, ఈసారి మన ముచ్చట ఇంట్లో ఫ్రిజ్ మీదో, బీరువా అరలోనో ఉండే మందుల డబ్బా గురించి. సగం అయిపోయిన జ్వరం బిళ్ళల షీటు, అమ్మ వేసుకునే బీపీ మాత్రలు, పిల్లోడి దగ్గు సిరప్పు, ఎప్పుడు కొన్నామో గుర్తులేని నొప్పుల బిళ్ళలు. మన తీరంలో మైపాడు పోయినా, ఇసకపల్లి పోయినా, కృష్ణపట్నం పోయినా ఏ ఇంట్లో చూసినా ఇంతే. బియ్యం కొంటే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూస్తాం. బంగారం కొంటే హాల్‌మార్క్ ఉందా అని అడుగుతాం. మందు మాత్రం నెల్లూరు పొగతోటలో డాక్టరు రాసిచ్చిన చీటీ షాపులో ఇచ్చి, షాపాయన చేతికిచ్చింది తెచ్చుకుని, పిల్లల నోట్లో వేసేస్తాం. ఇంకే వస్తువు మీదా మనం ఇంత నమ్మకం పెట్టం.

ఆ నమ్మకం వద్దని నేననను. అది లేకపోతే జబ్బు పడ్డ మనిషికి గతేంది? కానీ మనం అట్టా కళ్ళు మూసుకుని మింగేటప్పుడు, మన తరఫున ఎవరో ఒకరు కళ్ళు తెరిచి చూస్తుండాలి. ఆ చూసే పని ఎంత తొందరగా జరుగుతుంది, ఎవరు చేస్తారు, ఇంకా ఎట్టా చెయ్యొచ్చు అన్నదే ఇవాళ చెప్పాలనుకున్నది.

2025 అక్టోబరులో పేపర్లన్నీ రాశాయి, మీరు మరిచిపోయి ఉండరు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్పు తాగిన చిన్నపిల్లలు మూత్రం ఆగిపోయి, కిడ్నీలు పాడై చనిపోయారు. ఇరవై మందికి పైనే పోయారు. ఆ సిరప్పు పేరు కోల్డ్‌రిఫ్. తయారైంది యాడనో కాదు, మన సూళ్లూరుపేట దాటితే వచ్చే తమిళనాట, కాంచీపురం జిల్లాలో. దాంట్లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల తేల్చింది. ఉండనిచ్చే హద్దు 0.1 శాతం. అంటే సీసాలో దగ్గర దగ్గర సగం విషమే.

ఇది కొత్త విషం కాదమ్మా, అదే నా బాధ. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును ఈ ద్రవంలోనే కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. అక్కడి మందుల చట్టం 1938లో మారింది ఆ చావుల వల్లే. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో గ్లిజరిన్‌లో ఇదే కలిసి 14 మంది పోయారు. 2022లో గాంబియా దేశంలో 70 మంది దాకా పిల్లలు చనిపోయారు, అదీ మన దేశం నుంచి వెళ్ళిన సిరప్పుల మీద వచ్చిన ఆరోపణే. ఎందుకిట్టా మళ్ళీ మళ్ళీ? సిరప్పులో మందు కరగాలంటే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ లాంటి తియ్యటి, చిక్కటి ద్రవం కావాలి. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా చూస్తే అట్టాగే ఉంటుంది, రుచీ తియ్యనే, ధర తక్కువ. పీపాలో ఉన్నది ఏదో కంటికీ తెలీదు, నాలుకకూ తెలీదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చెయ్యకపోతే చిన్నపిల్లల కిడ్నీలకు తెలుస్తుంది.

ఇంకోటి కూడా గమనించండి. మధ్యప్రదేశ్ నుంచి కబురు అందాక తమిళనాడు వాళ్ళు శాంపిల్ తీసి, పరీక్ష ముగించి, రిపోర్టు ఇవ్వడానికి రెండు రోజులు చాలాయి. మనసు పెడితే ఇప్పుడున్న సామానుతోనే ఇంత తొందరగా అవుతుంది. మామూలు రోజుల్లో అట్టా జరగదు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు షాపులో శాంపిల్ తీస్తాడు, సీలు వేస్తాడు, అది విజయవాడలో ఉన్న డ్రగ్స్ కంట్రోల్ ల్యాబుకు పోతుంది, అక్కడ వరసలో నిలబడుతుంది. వారాలు గడుస్తాయి. ఈలోగా ఆ బ్యాచ్ బిళ్ళలు ఎవరెవరి కడుపుల్లోకో పోయే ఉంటాయి. నాసిరకమని తేలిన మందుల జాబితా కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ నెలనెలా విడుదల చేస్తుంది. మంచి పనే. కానీ అది చదివే సరికి మన షీటు ఖాళీ అయి చెత్తబుట్టలో ఉంటుంది.

ల్యాబులో ఎందుకంత సేపో కూడా చెప్పుకోవాలి, వాళ్ళని ఊరికే అనబాకండి. బిళ్ళను మెత్తగా నూరాలి. కొలిచి ద్రావకంలో వెయ్యాలి, కదపాలి, వడగట్టాలి, మళ్ళీ పలుచన చెయ్యాలి. అసలు మందు నమూనా ఒకటి పక్కన అట్టాగే తయారు చెయ్యాలి. అప్పుడు దాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలో సన్నటి గొట్టం గుండా పంపి, ఏ పదార్థం ఎప్పుడు బయటికొస్తుందో చూడాలి. యంత్రం తీసుకునే టైము కంటే దానికి ముందు చేతిపనికే ఎక్కువ పడుతుంది. ఒక మందుకు పెట్టిన ఏర్పాటు ఇంకో మందుకు పనికిరాదు, మొత్తం మార్చాల్సిందే.

మరి ఈ నూరడం, కరిగించడం ఏమీ లేకుండా, బిళ్ళను బిళ్ళగానే చూపించి అందులో ఏముందో చెప్పించొచ్చా? చెప్పించొచ్చు చెల్లీ. ఇరవై ఏళ్ళుగా లోకంలో ఉన్న విద్యే ఇది. మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మాస్ స్పెక్ట్రోమీటర్ అని ఒక యంత్రముంది. అణువుల్ని తూచే యంత్రం అనుకోండి. ప్రతి రసాయనం అణువుకూ ఒక బరువుంటుంది. పారాసిటమాల్‌ది 151. డైఇథిలీన్ గ్లైకాల్‌ది 106. ఆ అణువుకు కాస్త విద్యుదావేశం ఎక్కించి గాలి లేని గదిలోకి తోస్తే, యంత్రం దాని బరువు చదివి చెబుతుంది. చిక్కల్లా ఆవేశం ఎక్కించి లోపలికి పంపడం దగ్గరే. దానికోసమే ఇన్నాళ్ళూ నూరడాలు, వడగట్టడాలు.

2004లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో గ్రాహం కుక్స్, జోల్తాన్ తకాచ్, వాళ్ళ తోటివాళ్ళు ఆ చిక్కు విప్పారు. మిథనాల్, నీళ్ళు కలిపిన ద్రావకాన్ని కొన్ని వేల వోల్టుల కరెంటు పెట్టి సన్నటి తుంపరగా బిళ్ళ మీదికి చిమ్మారు. ఆ తుంపర తాకిన చోట బిళ్ళ మీద పల్చటి తడి పొర ఏర్పడి, అందులో మందు కాస్త కరుగుతుంది. వెనకే వచ్చే చుక్కలు ఆ పొరను కొడితే, మందుతో నిండిన మరీ చిన్న చుక్కలు చింది, పక్కనే ఉన్న యంత్రం మూతిలోకి పోతాయి. ద్రావకం దారిలోనే ఆరిపోతుంది, అణువు ఆవేశంతో మిగులుతుంది. సెకన్లలో తెర మీద అంకె పడుతుంది. దీన్ని డెసీ అంటారు. బిళ్ళ బిళ్ళగానే ఉంటుంది. రేవులో చేప కొనేటప్పుడు కోసి చూడకుండా మొప్ప ఎత్తి ఎరుపు చూసి తాజాదో కాదో చెప్పేస్తామే, అట్టాంటి చూపు ఇది.

మరుసటి ఏడే, 2005లో, రాబర్ట్ కోడీ వాళ్ళు డార్ట్ అనే ఇంకో పద్ధతి బయటపెట్టారు. ఇందులో ద్రావకం కూడా లేదు. వేడెక్కించిన హీలియం వాయువును కరెంటుతో ఉత్తేజపరిచి బిళ్ళ మీదికి ఊదుతారు. ఆ హీలియం దారిలో గాలిలో ఉండే నీటి ఆవిరికి ఆవేశం ఇస్తుంది, ఆ నీటి ఆవిరి మందు అణువుకు ఒక ప్రోటాన్‌ను అందిస్తుంది. గాలిలోని తేమే ఇందులో పనిముట్టు. తేమకు మన కోస్తాలో ఏం కరువు? ప్రోటాన్ చేరాక బరువు ఒకటి పెరుగుతుంది. పారాసిటమాల్ 152 దగ్గర కనిపిస్తుంది, డైఇథిలీన్ గ్లైకాల్ 107 దగ్గర. సిరప్పులో ఒక గాజుకడ్డీ ముంచి ఆ వేడిగాలికి అడ్డంగా పట్టుకుంటే చాలు. గ్లిజరిన్ ఉన్న మందుల్లో, తిండిపదార్థాల్లో ఈ విషాన్ని డార్ట్‌తో గబగబా పట్టుకోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రయోగశాల నుంచి 2013లో పరిశోధన పత్రం కూడా వచ్చింది. ఛింద్వాడా తల్లుల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. పీపా ఫ్యాక్టరీ గుమ్మంలో దిగిన రోజే నిమిషంలో తేలిపోయే విషయం అది.

ఈ విద్య నిజంగా ప్రాణాలకు అక్కరకొచ్చిన కథ ఒకటి చెబుతా. ఆగ్నేయాసియాలో, అంటే కంబోడియా, లావోస్, వియత్నాం, బర్మా వైపు, మలేరియాకు ఆర్టెసునేట్ అనే మందు వాడతారు. 2000 తర్వాతి ఏళ్ళలో దానికి నకిలీలు వరదలా వచ్చి పడ్డాయి. అప్పట్లో లావోస్‌లో పనిచేసిన డాక్టర్ పాల్ న్యూటన్, అట్లాంటాలోని జార్జియా టెక్‌లో ఫకుండో ఫెర్నాండెజ్, ఇంకా చాలామంది కలిసి వాటి మీద పడ్డారు. ఫెర్నాండెజ్ బృందం డెసీ, డార్ట్‌లతో బిళ్ళల్ని నేరుగా చూసింది. 2008లో అచ్చయిన నివేదిక ప్రకారం పరీక్షించిన 391 శాంపిళ్ళలో 195 నకిలీవి. సగం! అట్టపెట్టె మీద హోలోగ్రామ్ స్టిక్కర్లు కూడా దొంగవే, అచ్చు అసలు లాగానే. లోపల కొన్నిట్లో పారాసిటమాల్, కొన్నిట్లో ఎప్పుడో పక్కన పెట్టిన పాత మందులు. పారాసిటమాల్‌తో జ్వరం తగ్గుతుంది, మలేరియా మాత్రం లోపల పెరుగుతుంది. తల్లి బిడ్డ ఒళ్ళు తాకి చల్లబడిందనుకుని నిద్రపోతుంది. చూశారా, ఎంత ఘోరమో. ఆ బిళ్ళల్లో చిక్కుకున్న పుప్పొడి రేణువుల్ని బట్టి అవి దక్షిణ చైనా వైపు తయారైనట్టు ఆనవాలు దొరికింది, ఇంటర్‌పోల్ రంగంలోకి దిగింది, చైనా పోలీసులు అరెస్టులు చేశారు.

అదెక్కడో అడవి దేశాల కథ అనుకోబాకండి. 2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు, ఎక్కడా లేని కంపెనీ పేరు వేసి అమ్ముతున్న యాంటీబయాటిక్ మాత్రల్ని పట్టుకున్నారు. పరీక్ష చేస్తే మందు జాడే లేదు. సుద్దపొడి, గంజిపొడి.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. 2021 మే నెల మీకందరికీ గుర్తే. కోవిడ్ రెండో అల, ఆసుపత్రుల్లో మంచాల్లేవు, ఆక్సిజన్ లేదు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య గారు ఇచ్చే ఆకుమందు కోసం వేలమంది తోసుకొచ్చారు. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. మే 21న పంపిణీ ఆగింది, శాంపిళ్ళు పరీక్షకు పోయాయి, ఆయుర్వేద పరిశోధన మండలి చూసింది. మే 31న, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగిలిన మందులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని లేదన్నారు, కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని కూడా అన్నారు. ఈ రెండో ముక్క చాలామంది చెవిన పడలేదు.

నేను ఆయన్ని పొగడను, తెగడను. ప్రాణభయంతో పరిగెత్తిన మన జనాన్ని అసలే తప్పుపట్టను. ఆ పది రోజులు నేర్పిన పాఠం ఒకటుంది. మందు గురించి అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఇందులో ఏముంది? ఇది పనిచేస్తుందా? మొదటిదానికి యంత్రం సెకన్లలో జవాబు చెప్పగలదు. రెండోదానికి ఏ యంత్రమూ చెప్పలేదు, రోగుల మీద ఓపిగ్గా, న్యాయంగా చేసే పరీక్షే చెప్పాలి. మొదటి జవాబు వినేసి రెండోది కూడా వచ్చేసిందని మనం సంబరపడతాం. అక్కడే దెబ్బ తింటాం.

ఆకుమందుల మాట వచ్చింది కాబట్టి మోకాళ్ళ నొప్పుల పొడులు వాడే అక్కలకు ఒక మాట. ప్రపంచమంతా పేరూ ఊరూ లేని మూలికా పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు దొంగచాటుగా కలపడం బయటపడుతూనే ఉంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం వెనక వస్తాయి. అట్టాంటి కల్తీని పట్టడంలో ఈ కొత్త పద్ధతులది మంచి చెయ్యి, ఎందుకంటే చిటికెడు పొడి చాలు. అట్టని ఇన్నాళ్ళూ వాడిన మనిషి ఒక్కసారిగా మానబాకండి, స్టెరాయిడ్ ఉంటే అదీ ప్రమాదమే. ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి పోండి.

ఈ యంత్రానికి చేతకానివి కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టు. డెసీ చూసేది బిళ్ళ పై పొరనే. పైన పూత ఉంటే పూతనే చూస్తుంది, అప్పుడు విరిచి చూపించాలి. మందు ఉందా లేదా అన్నది గట్టిగా చెబుతుంది, 500 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 300 ఉంటే అంత ఖచ్చితంగా చెప్పలేదు. ఒకే బరువున్న రెండు రసాయనాలు వస్తే తడబడుతుంది, అణువును ముక్కలు చేసి ఆ ముక్కల బరువులు కూడా చూడాలి. బిళ్ళ కడుపులో కరుగుతుందా లేక గులకరాయిలా అట్టాగే బయటికి పోతుందా అన్నది దీనికి తెలియదు. కోర్టులో నిలబడాలంటే నూరి, వడగట్టి చేసే పాత పరీక్షే కావాలి. కాబట్టి ఇది దాని స్థానంలో వచ్చేది కాదు, దానికి ముందు నిలబడేది. వెయ్యి శాంపిళ్ళలో ఏ పదింటిని ముందు చూడాలో చెబితే, ల్యాబు వాళ్ళ చేతులు ఆ పదింటి మీద పడతాయి.

ఇంకా ధర ఉంది. మంచి యంత్రం కోట్లలో మాట. డార్ట్‌కు కావాల్సిన హీలియం మన దేశం బయటినుంచి కొనుక్కోవాల్సిందే. నడిపే మనిషికి తర్ఫీదు కావాలి. ఇవన్నీ నిజమే, అయినా దారులు తెరుచుకుంటున్నాయి. పర్డ్యూ వాళ్ళే పది కిలోల బరువుండే చిన్న యంత్రం చేసి చూపించారు. మనం పెద్ద జబ్బంటే పరిగెత్తే మద్రాసులోనే, ఐఐటీలో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం, గ్రాహం కుక్స్‌తో కలిసి, కార్బన్ నానోట్యూబులు పూసిన కాగితం ముక్క మీద నుంచి మూడంటే మూడు వోల్టులతో అణువులకు ఆవేశం ఎక్కించి 2014లో ప్రకటించింది. మామూలుగా వేల వోల్టులు కావాల్సిన పని అది. రెండు టార్చి సెల్లులకు ఉండే వోల్టేజీ. హైదరాబాదు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీకి జాతీయ కేంద్రమే ఉంది. తెలివికి మన దగ్గర లోటు లేదు.

నాకు కడుపు మండే సంగతి ఇప్పుడు చెబుతా. మన నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలే కదా. ఐరోపాకు పోయే రొయ్యకు పట్టుబడికి ముందే గుంటలోంచి శాంపిల్ తీసి, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందుల జాడ ఉందా అని చూస్తారు. దానికోసం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా వాళ్ళ ల్యాబు నెల్లూరులోనే ఉంది. అనుమానం వస్తే మాస్ స్పెక్ట్రోమీటర్ దాకా పోతుంది. అక్కడితో అయిపోదు, 2016 నుంచి మన రొయ్యల సరుకులో సగాన్ని ఐరోపా వాళ్ళు తమ రేవులో మళ్ళీ పరీక్షిస్తున్నారు. వాళ్ళు తినేదాంట్లో వందకోట్లలో ఒక వంతు మందు కూడా ఉండకూడదని వాళ్ళ పట్టుదల. వాళ్ళని మెచ్చుకుంటున్నా, నిజంగానే. కొనేవాడు గట్టిగా అడిగాడు కాబట్టి మన రైతు, మన ఎగుమతిదారు, మన ప్రభుత్వం అన్నీ సమకూర్చుకున్నారు. రొయ్యలో మందు ఉందేమోనని వెతకడానికి ఇంత చేతనైనప్పుడు, మన పిల్లోడి సిరప్పులో విషం ఉందేమో వెతకడానికి ఎందుకు చేతకాదు? కొనేవాళ్ళం మనమే. గట్టిగా అడగాల్సిందీ మనమే.

అడగడానికి చట్టం కూడా ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో 26వ సెక్షన్ చదవండి. మీరూ నేనూ, ఎవరైనా సరే, ఫీజు కట్టి ఒక మందును ప్రభుత్వ అనలిస్టుకు పంపి పరీక్ష చేయించుకుని రిపోర్టు తీసుకోవచ్చు. వినియోగదారుల సంఘం పంపినా చెల్లుతుంది. పొదుపు సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళు పదిమంది కలిసి ఒక అనుమానం సీసా పంపితే ఖర్చు ఎంతని? మన జిల్లాకు ఒక త్వరిత పరీక్ష యంత్రం కావాలని కలెక్టరు గ్రీవెన్సులో అర్జీ పెడితే తప్పేంది? పొగతోటలో ఇన్ని ఆసుపత్రులు, ఇన్ని మందుల షాపులు. ఆ వీధిలోనే ఒక గది చాలు.

అదొచ్చేలోగా ఇంట్లో చేసుకోగలిగినవి చూసుకోండమ్మా. మందు కొంటే బిల్లు తీసుకోండి, అందులో బ్యాచ్ నంబరు ఉండేట్టు చూడండి. షీటు కత్తిరించి వాడేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచుకోండి. 2023 ఆగస్టు నుంచి 300 పేరున్న బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని నియమం, ఫోనుతో కొట్టి చూడండి. ఆస్పిరిన్ బిళ్ళ డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వచ్చిందంటే తేమకు విరిగిపోయిందని అర్థం, పారేయండి. మన ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకు మాత్రలు తొందరగా చెడతాయి, వంటింట్లో పొయ్యి పక్కన పెట్టబాకండి. రెండేళ్ళ లోపు బిడ్డకు దగ్గు, జలుబు సిరప్పులు రాయొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖే 2025 అక్టోబరులో చెప్పింది, షాపాయన ఇచ్చినా తీసుకోబాకండి. ఏ సిరప్పు తాగిన బిడ్డయినా వాంతులై, మూత్రం తగ్గిపోతే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి, సీసా కూడా వెంట పట్టుకుపోండి. మందు వికటించిందని అనిపిస్తే 1800-180-3024కు ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు. ఆ నంబరు ఇప్పుడే క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.